పొనికి కర్రతో నాట్ యుద్ధ విమానం: 1:8 నమూనా తయారీ డైరీ

ఫిబ్రవరి మొదటి వారం

పెద్ద కొలతలో యుద్ధ విమానం నమూనా చేయాలనుకునేవారికి మొదటి అడ్డంకి ఇల్లే. మిగ్-21ను ఎనిమిదో వంతు కొలతలో చేస్తే హనుమకొండలో నాలాంటివారు ఉండే ఇంట్లో దానికి ఒక గది వదిలేయాలి. నాట్ విషయం వేరు. అసలు విమానం పొడవు 8.74 మీటర్లు, రెక్కల వెడల్పు 6.73 మీటర్లు మాత్రమే కనుక, 1:8 కొలతలో పొడవు 109 సెంటీమీటర్లకు, రెక్కలు 84 సెంటీమీటర్లకు వస్తాయి. మామూలు రాత బల్ల మీద నిలిచే పరిమాణంలోనే, కాక్‌పిట్‌లోని మీటర్ల ముల్లులు కూడా కనిపించేంత పెద్ద నమూనా ఈ ఒక్క విమానానికే సాధ్యమని అనిపించింది.

బ్రిటన్‌లో ఫాలండ్ సంస్థ కోసం పెట్టర్ రూపొందించిన ఈ విమానం తొలిసారి ఎగిరింది 1955 జూలైలో. తేలికగా, చిన్నగా, చవకగా ఉండే యుద్ధ విమానం కావాలన్న ఆయన పట్టుదలను సొంత దేశపు వాయుసేన పూర్తిగా ఒప్పుకోలేదు. అది రెండు సీట్ల శిక్షణ విమానాన్ని మాత్రమే తీసుకుంది. ఒంటి సీటు యుద్ధ విమానాన్ని నమ్ముకున్నది భారత వాయుసేన. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ దాన్ని లైసెన్సు మీద తయారుచేసింది, 1965 యుద్ధంలో ట్రెవర్ కీలర్ వంటివారు దాన్ని నడిపారు, 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ప్రాణాలొడ్డింది కూడా ఈ విమానంలోనే. నేను చేస్తున్నది 1965 నాటి వెండి రంగు నాట్.

ఈ చరిత్ర కారణంగానే ఆధారంగా తీసుకునే ఫోటోల, గీతల సేకరణలో ఒక చిక్కు వస్తుంది. నాట్ అని వెతికితే దొరికే వాటిలో అధిక భాగం ఎర్రటి విమానాలతో విన్యాసాలు చేసే బ్రిటిష్ రెడ్ యారోస్ బృందం నడిపిన రెండు సీట్ల విమానానివి. దాని పొడవు 9.68 మీటర్లు, రెక్కలు 7.32 మీటర్లు, అంటే మన కొలతలో ముక్కు నుంచి తోకకు దాదాపు పన్నెండు సెంటీమీటర్ల తేడా. ముక్కు వేరు, కాక్‌పిట్ మూత వేరు, రెక్క వైశాల్యం వేరు. కాబట్టి ఎరుపు రంగులో కనిపించిన ప్రతి ఫోటోనూ పక్కన పెట్టి, ఒంటి సీటు విమానం గీతలను మాత్రమే ఆధారంగా తీసుకున్నాను. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఉన్న నాట్‌కు సందర్శకులు తీసిన ఫోటోలు చక్రాల గూళ్ల విషయంలో ఎంతో పనికి వచ్చాయి.

గీతలను చౌరస్తా దగ్గరి ప్లాన్ ప్రింట్లు తీసే దుకాణంలో పెద్దవి చేయించాను. ఈ పనికి వెళ్లేవారు బొమ్మ అంచున సరిగ్గా పది సెంటీమీటర్ల గీత ఒకటి గీసి ఇవ్వాలి. కాగితానికి సరిపడేలా యంత్రం తనంతట తాను బొమ్మను కొంత కుదించేస్తుంది, కంటికి ఆ తేడా తెలియదు. అచ్చయిన కాగితం మీద ఆ గీతను స్కేలుతో కొలిచి చూసుకున్నాకే డబ్బు ఇవ్వడం మంచిది.

ఫిబ్రవరి చివర

కర్ర విషయంలో నేను మొదటి నుంచీ పొనికినే అనుకున్నాను. విమానం నమూనాలకు ప్రపంచమంతా బాల్సా వాడుతుంది. అది మనకు దూరం నుంచి రావాలి, ధర కూడా ఎక్కువ. మన ఉత్తర తెలంగాణలో నిర్మల్ బొమ్మలు చేసేవారు తరతరాలుగా వాడుతున్న పొనికి కర్ర తేలికలోనూ మెత్తదనంలోనూ దానికి దగ్గరగా ఉంటుంది, ఉలికి చక్కగా లొంగుతుంది. అయితే ఆదిలాబాద్ అడవుల్లో ఆ చెట్లు తగ్గిపోయి కళాకారులకే కర్ర చాలక ఇబ్బంది పడుతున్నందువల్ల, వారి వాటాలోంచి దుంగ అడగడం నాకు న్యాయంగా తోచలేదు. నిర్మల్‌లో తెలిసిన ఒక పెద్దాయన, బొమ్మలకు పొట్టివై మూలన పడేసిన ముక్కలను ఇచ్చారు. చాలా ముక్కలు జానెడు కంటే పొడవు లేవు.

విమానం నిర్మాణాన్ని ఆ పొట్టి ముక్కలే నిర్ణయించాయి. ఒకే దుంగను చెక్కే ఆలోచన పోయింది. ముక్కు నుంచి తోక దాకా నడిమికి ఒక ప్లైవుడ్ వెన్ను, దానికి అడ్డంగా తొమ్మిది సెంటీమీటర్లకొకటి చొప్పున ప్లైవుడ్ చట్రాలు, ఆ చట్రాల నడుమ ఖాళీల్లో పొనికి ముక్కలు. ఈ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది. చెక్కుతూ పోతుంటే ప్లైవుడ్ అంచు తగలగానే ఉలి ఆగుతుంది కాబట్టి, ఆకారం ఎక్కడ ఆగాలో చట్రమే చెబుతుంది. చట్రాల మధ్య ఒంపును అట్టతో కోసిన నమూనాలు ఆనించి సరిచూసుకోవచ్చు.

పెద్దాయన ముక్కలు చేతికిస్తూ ఒకే ఒక్క మాట చెప్పారు: “కట్టె మంచిగ ఎండకముందు ఉలి పెట్టకు సారూ. ఇయ్యాల సక్కగనే కనవడ్తది, వానకాలం రాంగనే వంకరపోతది.” నిర్మల్‌లో కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి తడి పూర్తిగా తీసేస్తారు. నా దగ్గర ఆ ఏర్పాటు లేదు. అందుకని ముక్కలను డాబా మీద నీడలో గాలి ఆడేలా పేర్చి, వంటింటి త్రాసు మీద అప్పుడప్పుడు తూచాను. బరువు తగ్గడం ఆగిపోయిందంటే కర్ర ఆరినట్లే.

మార్చి

ఈ నెలంతా చెక్కుడు పనే. ఉలి, చిన్న చిత్రిక, ఆకురాయి, ఆపై రబ్బింగ్ పేపర్. పొనికి మెత్తన కాబట్టి ఉలికి పదును తగ్గితే నార కోయదు, నలుగుతుంది. నలిగిన చోట తరువాత రంగు పీల్చుకుని మచ్చ కడుతుంది. కాబట్టి చెక్కిన సమయం కంటే పదును పెట్టిన సమయమే తక్కువేమీ కాదు.

రెక్కల దగ్గర పొనికి ఒంటరిగా పనికిరాదు. నాట్ రెక్కలు వెనక్కి వాలి, కొద్దిగా కిందికి దిగి ఉంటాయి, వెనుక అంచు చాలా పలుచన. అంత పలుచన అంచు మెత్తని కర్రతో చేస్తే గోరు తగిలినా ఊడిపోతుంది. అందుకని ఒక మిల్లీమీటరు లోపు మందమున్న ప్లైవుడ్ పట్టీని వెనుక అంచుగా ముందే అతికి, దాని మీదికి పొనికిని రెండు వైపుల నుంచీ వాలుగా చెక్కాను. రెండు రెక్కలను కలుపుతూ నడుములోంచి ఒక అల్యూమినియం గొట్టం వెళ్తుంది; వాలు రెండు వైపులా సమానంగా ఉండటానికి రెక్కల కింద ఒకే ఎత్తున్న చెక్క దిమ్మెలు పెట్టి జిగురు ఆరేదాకా కదపలేదు.

గాలి లోపలికి పోయే రెండు పక్క గూళ్లను గుల్లగా తొలిచాను. వాటి బయటి గోడల్లోనే 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు ఉంటాయి. మన కొలతలో ఆ రంధ్రం నాలుగు మిల్లీమీటర్ల కంటే కాస్త చిన్నది. ఇత్తడి గొట్టం ముక్క సరిగ్గా సరిపోయింది.

ఏప్రిల్: లప్పం

ఈ ప్రాజెక్టులో అసలైన పని ఇదేనని నా అభిప్రాయం. చట్రాలకూ ముక్కలకూ మధ్య సందులు, కర్రలోని గుంటలు, ఉలి గాట్లు అన్నీ పూడ్చాలి. కార్లకు వాడే పుట్టీ డబ్బా ఒకటి కొనితెచ్చి విడి ముక్క మీద ప్రయత్నిస్తే చిక్కు వెంటనే తెలిసిపోయింది. ఆ పుట్టీ ఎండాక పొనికి కంటే ఎంతో గట్టిపడుతుంది. దాని మీద రబ్బింగ్ పేపర్ తిప్పితే చుట్టూ ఉన్న కర్ర అరిగిపోతుంది, పుట్టీ మాత్రం గుట్టలా మిగులుతుంది. వేలితో తడిమితేనే తెలిసేంత చిన్న గుట్ట అది. కానీ వెండి రంగు కింద అది దాగదు.

ఇక్కడ నిర్మల్ పద్ధతికి మించింది లేదు. చింత గింజలను వేయించి, నానబెట్టి, పై పొట్టు తీసి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే చిక్కని జిగురు వస్తుంది. దానిలో అదే పొనికి రంపపు పొట్టును సన్నని గుడ్డలో జల్లించి కలపాలి. నిర్మల్‌వారు బొమ్మల కాళ్లూ చేతులూ అతకడానికీ, అతుకులు కనబడకుండా చేయడానికీ వాడేది ఈ లప్పమే. చేర్యాల మాస్కులు చేసేవారి చేతిలోనూ రంపపు పొట్టు, చింతగింజల జిగురే ప్రధానం. కర్ర పొట్టుతోనే చేసింది కాబట్టి లప్పం కర్రతో సమానంగా అరుగుతుంది. అతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చేతికి తగలదు. పురుగు పట్టకుండా జిగురు ఉడికేటప్పుడే చిటికెడు మైలతుత్తం వేశాను.

లప్పం పెట్టడంలో ఓపిక ఒక్కటే కావాలి. ఎండుతున్నకొద్దీ అది కుంచించుకుపోతుంది కాబట్టి లోతు సందును ఒకేసారి నింపితే నడిమికి పగులుతుంది. పలుచగా పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టాలి. ఏప్రిల్ ఎండలు ఈ ఒక్క విషయంలో మేలు చేశాయి. అయితే నేరుగా ఎండలో పెడితే పైపొర ముందే ఎండి లోపల తడి చిక్కుకుంటుంది. డాబా మెట్ల కింది నీడే సరైన చోటు.

మొత్తం నునుపయ్యాక నీటి తడి మళ్లీ కర్రలోకి పోకుండా సీలర్‌ను పలుచగా చాలా పూతలు పూశాను. లప్పం నీటితో కలిపిన పదార్థం గనుక ఈ దశ దాటేదాకా వాటర్ పేపర్‌ను తడిపి రుద్దడం కుదరదు, పొడిగానే రుద్దాలి.

మే మొదట్లో, కాక్‌పిట్ గురించి కొంచెం

సీటు, మీటర్ల పలక, పక్క అరలు చేశాను. నాట్ సీటు ఫాలండ్ వారి తేలికరకం ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరేది) కనుక మార్కెట్లో దొరికే ఇతర సీట్ల బొమ్మలు పనికిరావు. ప్లాస్టిక్ షీటు ముక్కలతో సొంతంగా కట్టి, పట్టీలకు పాత బ్యాగు నాడాను సన్నగా చీల్చి వాడాను.

పై మూత ఎక్కువ సమయం తీసుకుంది. ఈ విమానంలో ముందు అద్దమూ పై మూతా విడివిడిగా ఉండవు. అంతా ఒకే బుడగ, వెనక్కి తెరుచుకుంటుంది. పారదర్శక షీటును వేడి చేసి అచ్చు మీదికి లాగితే ఆ ఆకారం వస్తుంది. అచ్చుకు పొనికి పనికిరాదు, వేడి షీటు ఒత్తిడికి దాని నార గీతలు షీటు మీద అచ్చుపడతాయి. టేకు ముక్కను చెక్కి, 2000 నంబర్ పేపర్ దాకా రుద్ది, క్లియర్ (రంగులేని వార్నిష్) పూసి మెరుగు పెట్టాను. షీటు మందం మేరకు అచ్చును చిన్నదిగా చెక్కకపోతే మూత కూర్చోదు.

మే: సర్ఫేసర్

రంగు కోసం వరంగల్ ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే ఒకాయన సలహా అడిగాను. నమూనాను అటూ ఇటూ తిప్పి చూసి, వేళ్లతో నడుము మీద తడిమి, ఆయన అన్నది ఇది: “సార్, సిల్వర్ అంటే అద్దం లెక్క. కింద ఏమున్నదో అంత సూపిస్తది. ముందుగాల కింది పని సక్కగ చెయ్యుండ్రి, రంగుదేమున్నది, పూటల అయిపోతది.” నేను అంతకు ముందు చదివిన పాఠాల కన్నా ఆ మాట ఎక్కువ పనికి వచ్చింది.

రంగుకు ముందు పునాదిగా వేసే బూడిద రంగు సర్ఫేసర్ కొట్టి, దాని మీద నల్ల రంగును పొగలా పలుచగా చల్లి, 800 నంబర్ వాటర్ పేపర్‌ను చెక్క దిమ్మెకు చుట్టి తడిపి రుద్దాను. ఎత్తున్న చోట నలుపు ముందు పోతుంది, గుంట ఉన్న చోట నల్ల మచ్చ మిగులుతుంది. మిగిలిన మచ్చలను పూడ్చి మళ్లీ అదే పని. ఎడమ రెక్క మొదట్లో, నడుముతో కలిసే మూలన, బఠాణీ గింజంత నల్ల చుక్క ఒకటి ఎంతకూ పోలేదు. కింద ఉన్న చట్రం అంచు పైకి తేలిందేమోనని చూస్తే, చుట్టూ లప్పం కొద్దిగా దిగిందని తేలింది. అక్కడ మాత్రం కార్ల పుట్టీనే వాడాను. సీలర్ మీద, సర్ఫేసర్ పొర నడుమ అది చక్కగా ఒదిగింది. అంటే పుట్టీ చెడ్డదని కాదు, సీలర్ వేయని పొనికి పక్కన దానికి చోటు లేదని మాత్రమే.

రేకుల అతుకు గీతలను గట్టిపడిన సర్ఫేసర్‌లోనే గీశాను. అసలు విమానంలో రెండు మిల్లీమీటర్ల సందు మన కొలతలో పావు మిల్లీమీటరు, అంటే దాదాపు కుట్టు సూది మొన వెడల్పు. ఉక్కు స్కేలు ఆనించి, సూదిని పిడికి బిగించి, బలం పెట్టకుండా చాలాసార్లు లాగాలి. రివిట్ల సంగతికి వస్తే, నమూనాలు చేసేవారిలో చాలామంది విమానమంతా చుక్కలతో నింపేస్తారు. నాట్ ఒళ్లు నున్నగా ఉంటుంది, రివిట్ల తలలు రేకుతో సమంగా కూర్చుంటాయి. పది అడుగుల దూరం నుంచి అసలు విమానంలో కనిపించనివి నమూనాలో రెండడుగుల నుంచి కనిపిస్తే అది వివరం కాదు, అతి. తోక గొట్టం చుట్టూ, యుద్ధసామగ్రి తలుపుల అంచున మాత్రం దర్జీల ట్రేసింగ్ చక్రాన్ని మెల్లగా దొర్లించి వదిలాను.

జూన్: వెండి రంగు

వరంగల్‌లో రంగు పిచికారీ చేయడానికి వాతావరణం ఇచ్చే వ్యవధి చాలా తక్కువ. మే నెల మధ్యాహ్నం కొడితే థిన్నర్ గాలిలోనే ఆవిరై రంగు పొడిగా వచ్చి పడుతుంది, చేత్తో తడిమితే గరుకు. వానలు మొదలయ్యాక ఇంకో బాధ. నైట్రో సెల్యులోజ్ రంగులో థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని తడి దాని మీద చేరి, రంగు తెల్లబారుతుంది. ఆలస్యంగా ఆరే రిటార్డర్ థిన్నర్ కొంత కలిపితే పూత నెమ్మదిగా ఆరి ఆ బెడద తగ్గుతుంది. తొలకరికి ముందు, తెల్లవారి ఎండ ముదరకముందు పని పెట్టుకున్నాను.

కార్ల సిల్వర్‌లో అల్యూమినియం పొలుసులు ఉంటాయి, వాటి పరిమాణం షేడును బట్టి మారుతుంది. మెరుపు ఎక్కువగా ఉండే షేడులో పొలుసులు పెద్దవి. 1:8 విమానం మీద అవి విడివిడిగా మెరిసి మొత్తం బొమ్మను ఆటవస్తువు చేసేస్తాయి. కలిపే దుకాణంలో అన్నిటికన్నా సన్నని పొలుసు ఉన్న షేడును అడిగి తీసుకున్నాను. ఎయిర్‌బ్రష్ ఇంత పెద్ద రెక్కకు చాలదు, చారలు పడతాయి. 0.8 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న చిన్న స్ప్రే గన్ అద్దెకు తెచ్చాను. పూత తడిగా పడితే పొలుసులు ఒక చోటికి కొట్టుకుపోయి మబ్బులు కడతాయి. పలుచగా, చేయి ఆపకుండా, ఒక వరుస సగం మీద మరో వరుస పడేలా కొడితే పొలుసులు పడుకుని ఒకే తీరు మెరుపు వస్తుంది.

తోక గొట్టం దగ్గర రంగు వేయలేదు. వేడి తగిలే ఆ భాగానికి ఏసీ డక్టులకు అంటించే అల్యూమినియం టేపును రేకుల ఆకారంలో కత్తిరించి అంటించి, గుండ్రటి చెక్క పుల్లతో ఒత్తి నునుపు చేశాను. ఒక్కో ముక్కను ఒక్కో దిక్కుగా సన్నని పేపర్‌తో రుద్దితే వెలుగు పడినప్పుడు పక్కపక్క రేకులు వేర్వేరుగా కనిపిస్తాయి. పూసిన వెండికీ నిజమైన లోహానికీ ఉన్న ఆ తేడా కంటికి కావాలి.

జూలై: గుర్తులు

వాహనాల నంబర్ ప్లేట్లకు స్టిక్కర్లు కోసే దుకాణంలో వృత్తాకార గుర్తులకూ అంకెలకూ వినైల్ అచ్చులు కోయించాను. స్టిక్కరే అంటించవచ్చు గానీ, ఈ కొలతలో దాని అంచు మందం కనబడుతుంది. ముందుగా తెలుపు వేసి, దాని మీద బయటి వలయానికి కాషాయం, నడిమికి ఆకుపచ్చ. కాషాయం స్వభావతః పలుచని రంగు, వెండి మీద నేరుగా వేస్తే మాసినట్లు తేలుతుంది. తెలుపు పునాది తప్పదు. మాస్కింగ్ టేపును అంటించే ముందు అరచేతికి ఒకటి రెండుసార్లు అద్ది జిగురు తగ్గించాలి, లేకపోతే లేచేటప్పుడు వెండిని వెంట తీసుకుపోతుంది.

నాట్‌ల వరుస సంఖ్యలు ‘ఐఈ’ అక్షరాలతో మొదలవుతాయి. ఏ ఒక్క వీరుడి విమానమని చెప్పకుండా, ఫోటోలో అంకెలు స్పష్టంగా కనిపించిన ఒక విమానాన్ని అనుసరించాను. అద్దం ముందు మెరుపు కంటిలో పడకుండా వేసే మెరుపులేని నలుపు పట్టీ చివరిది.

చక్రాలను నైలాన్ కడ్డీ నుంచి లేత్ మీద తిప్పించాను, కాళ్లు ఇత్తడి గొట్టాలు. నాట్‌లో చక్రాల తలుపులే గాలిలో వేగం తగ్గించే బ్రేకులుగానూ పనిచేస్తాయి కాబట్టి అవి మామూలు తలుపుల కంటే దృఢంగా, లోతుగా ఉంటాయి; వాటిని సగం తెరిచి బిగించాను. ముక్కులో చేపల గాలాలకు కట్టే సీసం గుండ్లు నింపాకే విమానం ముందు చక్రం మీద నిలిచింది, అంతకు ముందు తోక మీద కూర్చునేది.

ఇక రెక్కల కింది ఇంధన ట్యాంకులు మిగిలాయి. వాటికి కావలసిన రెండు పొనికి ముక్కలు ఎండుతున్నాయి. పైన క్లియర్ పూత మాత్రం వానలు తగ్గి, గాలిలో తడి పోయేదాకా వేయను. అప్పటివరకు నమూనాను పాత నూలు చీర కప్పి బీరువా మీద ఉంచాను. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పడుతుంది.